నవ్వుల పుట్టగొడుగు వెంట కోసిగి నుంచి మైదుకూరుకి

ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళొచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తారు. మేము పేడ చూడ్డానికి వెళ్ళొచ్చాం. కాకినాడలో దిగిన మర్నాడు ఈ మాట చెబితే, మా పక్కింటావిడ కాసేపు నా మొహం చూసి, మొహమాటానికి "బావుందా అండీ?" అని అడిగింది. బావుందండీ, చాలా బావుంది. మీరెలాగూ ఆ దారిన వెళ్ళరు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా ప్రయోగశాలలో బూజులతోనూ పుట్టగొడుగులతోనూ గడుస్తోంది. వాటి జన్యువులు చదవడం నా పని. "మా ఆవిడ జీతం తీసుకుని బూజు చూస్తుంది, ఇంట్లో బూజు నేను దులుపుతాను" అని మావారు ఊరందరికీ పరిచయం చేస్తుంటారు. రిటైరయ్యాక ఆయనకి ప్రయాణాలంటే సరదా పెరిగింది. సరదా అంటే తిండి.

ఈ ప్రయాణానికి కారణం మా చెల్లెలి కూతురు. ఆదోనిలో డాక్టరు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇవాళ నా దగ్గరికి ఒక కుటుంబం నవ్వుతూ వచ్చింది" అంది. ఏడుస్తూ రావాలి గానీ నవ్వుతూ వస్తే నీకేం నష్టమే అన్నాను. నష్టం కాదు, ఆపలేకపోతున్నారట. కోసిగి వైపు పల్లె నుంచి అత్త, మామ, కొడుకు. మధ్యాహ్నం పుట్టగొడుగుల కూర తిన్నారు. కాసేపటికి అత్తగారికి గోడలు ఊపిరి పీలుస్తూ కనిపించాయి. మామగారు ఎద్దుతో సంసారం సంగతులు మాట్లాడాడు. కొడుకు తన అరచేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. చీకటిపడే వేళకి ముగ్గురూ మామూలు మనుషులై, సిగ్గుపడుతూ ఇంటికెళ్ళారు.

కోడలు మాత్రం ఆ కూర తినలేదు. ఆఖర్న తినే మనిషి కదా, ఆవిడ పళ్ళెం పెట్టుకునే సరికి గిన్నె ఖాళీ.

వండగా మిగిలిన పచ్చి పుట్టగొడుగుల ఫొటో పంపింది మా పిల్ల. కాడల మీద గోరు తగిలిన చోటల్లా నీలం. చూడగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఏళ్ళ తరబడి మా తడి కోస్తా పేడలో దొరికే ఈ మత్తు పుట్టగొడుగునే చదువుతున్నాను. ఏడాదిలో నాలుగు వానలు చూస్తే అదే పండగనుకునే ఆ నేల మీద అదే జాతి ఎలా బతుకుతోంది, దాని జన్యువుల్లో ఏం తేడా ఉంది? ఇది దగ్గర ఉంచుకుంటే చట్టం ఊరుకోదు. మా ప్రయోగశాలకి అనుమతి ఉంది గనక ఆ కాగితం సంచీలో పెట్టుకుని, డ్రైవరుని మాట్లాడి, మావారిని కారెక్కించి బయల్దేరాను.

పత్తికొండలో ఉగ్గాని

కర్నూలు దాటాక ఆకాశం పెద్దదవుతుంది. మా వైపు కొబ్బరిచెట్లు అడ్డం వచ్చి ఇంత ఆకాశం ఉందని తెలియనివ్వవు. ఎర్రనేల, నల్లనేల, మళ్ళీ ఎర్రనేల. వానలు పడి వేరుశనగ పచ్చగా ఉన్న రోజుల్లో వెళ్ళాం కాబట్టి, "ఇదా కరువు సీమ?" అని మావారు తేలిగ్గా అనేశారు. ఎండాకాలంలో తీసుకొస్తాను ఉండండి అన్నాను.

పత్తికొండలో టమాటా మార్కెట్టు దగ్గర ఆగాం. రోడ్డు పొడవునా ఎర్రటి బాక్సులు. రైతు పెట్టె మొత్తానికి చెప్పిన ధర విని మావారు మొదట బేరం ఆడబోయి, తర్వాత సిగ్గుపడి ఊరుకున్నారు. ఆ డబ్బుకి మా ఊళ్ళో సంచీ అడుగు నిండదు.

పక్కనే చిన్న హోటల్లో ఉగ్గాని పెట్టారు. బొరుగులు, అంటే మన మరమరాలు, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, టమాటా తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్పై రూపాయలు. పులుసులో బెల్లం వేసుకునే జాతి మాది. మావారు ఆ బజ్జీని మా ఊరి బజ్జీలాగే నమ్మి, సగానికి కొరికారు. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు. నాకు ఆ ప్రయాణంలో దొరికిన ప్రశాంతత అదొక్కటే.

హోటలాయన నీళ్ళ చెంబు తెచ్చి పెడుతూ, "యాడ నించి వచ్చినారు సార్?" అన్నాడు.

మావారికి నోరు రాలేదు. కాకినాడ అని నేను చెప్పాను.

"అంత దూరం నించి ఈడికి ఏంటికమ్మా?"

ఈ మాటకి మాత్రం మావారికి గొంతు వచ్చింది. "పేడ చూడ్డానికండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చాలా మర్యాదగా, "మా ఇంటికాడ శానా ఉండాది సార్. చూసి పోండి. దుడ్లు కూడా అడగం" అన్నాడు. మా గోదావరి వాళ్ళకే వెటకారం వచ్చనుకుంటాం. వట్టి భ్రమ.

కోసిగి దాటాక, ఉరుకుందమ్మ వంటింట్లో

ఊరి పేరు రాయను. ఆవిడకి మాటిచ్చాను. కోసిగి దాటి కొంచెం లోపలికి వెళ్ళాలి. బండలు పరిచిన వీధి, మట్టి మిద్దెలు. పంట అయిపోగానే సగం ఊరు తాళాలు వేసుకుని కూలిపనులకి వలస పోతుంది. వానాకాలం కాబట్టి మనుషులున్నారు.

అత్తగారి పేరు ఉరుకుందమ్మ. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ముగ్గురు మనుషులది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు తిను, మల్ల చెప్పుదువు" అంది. జొన్నపిండి ముద్దని రెండు చేతులా తట్టి రొట్టె చేస్తుంటే ఆ చప్పుడుకి భజన జరుగుతోందేమో అనిపించింది. రొట్టె, శనక్కాయల కారం, పుంటికూర పప్పు. పుంటికూరంటే మన గోంగూరే. ఆ మాట చెబితే, "పేరేదైతే ఏముండాది, పులుపుండల్ల" అంది.

తిన్నాక ఆవిడే మొదలుపెట్టింది.

"మా కోడలు మైదుకూరు కాడ పిల్లమ్మా. మా హనుమంతు పసుపు తవ్వేకి ఆడికి కూలికి పోయినాడు. పసుపుతో పాటు ఆ పిల్లను కూడా తవ్వుకోని వచ్చినాడు. అప్పుడే అనుకుంటి, వానికి మందు పెట్టిందని. లేకుంటే వాడు ఎవురి మొగమన్నా చూసే పిల్లోడా?"

మందు పెట్టడమంటే మీకు తెలుసుగా, మనిషిని తిప్పుకోవడానికి అన్నంలో ఏదో కలపడం. గోడకి ఆనుకుని కూర్చున్న హనుమంతు తల వంచుకున్నాడు.

"ఈసారి ఇంటిల్లిపాదికీ పెట్టింది. ఆయమ్మ మాత్రం ఒక్క ముద్ద ముట్టలేదు. నేను బిడ్డ మాదిరి నవ్వితి, ఏదేదో వాగితి. ఊరంతా చూసినారు. తెల్లారినంక మూటాముల్లె ఇచ్చి పుట్టింటికి పంపిస్తి."

"ఏం వాగావమ్మా?" అని అడిగాను.

"ఏదో లే" అని పొయ్యిలో కట్టె సర్దింది.

అది చిన్న పుట్టగొడుగు చేసిన పని కావచ్చమ్మా, పిల్ల తప్పు కాదేమో అన్నాను. ఉరుకుందమ్మ నా వంక జాలిగా చూసింది.

"పుట్ట మీది గొడుగులు మా అవ్వ కాలం నించీ తింటాండాం. ఒక్కనాడన్నా తల తిరిగిందా? పేడ మీదివి, కుప్ప మీదివి మేం ముట్టం. పుట్ట మీదివే తింటాం. ఆ పిల్ల మా చేని గట్టు మీద పుట్టవే తెచ్చింది, నేనే చూసినా. గొడుగులు మంచివే. మరి తల ఏంటికి తిరిగింది? చెప్పు."

వాదన గట్టిది. ఆదివారం మైదుకూరు దగ్గర కోడలి ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుంటున్నారట, తెగదెంపులు చెయ్యడానికి. హనుమంతు అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపుతో నా జన్యువుల పని కాస్తా వెనక్కి పోయింది. ఆ పిల్ల ఎక్కడ పొరపడిందో, అసలు పొరపడిందో లేదో తెలిస్తే తప్ప, ఈ కాపురం ఆదివారంతో సరి.

చేని గట్టు మీద పుట్ట

పుట్ట చూపించడానికి మామగారు ఈరన్న వచ్చాడు. మహా నిదానస్తుడు. దారిలో మావారితో ఎద్దుల గురించి, వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. పుట్ట దగ్గరికొచ్చేసరికి భక్తుడైపోయాడు. మా చెప్పులు విప్పించాడు. దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకోమన్నాడు. పసుపు, కుంకుమ, పాలు పోసిన మరకలు. పక్కగా మెల్లగా తలెత్తిన గొడుగులు, లేత గోధుమరంగువి, నాలుగైదు.

ఒకటి తుంచాను. తుంచిన చోట చూస్తూండగానే నీలం పాకింది. మావారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఇంకుపెన్ను కక్కినట్టుందే" అన్నారు.

ఇక్కడ కొంచెం చదువు చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ఇందులో ఉండే పదార్థం పేరు సైలోసిబిన్. పుట్టగొడుగు దాన్ని ట్రిప్టోఫాన్ నుంచి చేసుకుంటుంది. ట్రిప్టోఫాన్ ఏ వింత సరుకూ కాదు, మన పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే అమైనో ఆమ్లమే. దాన్ని పట్టుకుని నాలుగు ఎంజైములు పనిచేస్తాయి. ఒకటి ఒక ముక్క కోసేస్తుంది, ఒకటి ఆక్సిజన్ తగిలిస్తుంది, ఒకటి ఫాస్ఫేటు అతికిస్తుంది, చివరిది చిన్న మిథైల్ ముక్కలు చేరుస్తుంది. ఆ నాలుగింటి జన్యువులూ ఒకే వీధిలో వరసగా ఇళ్ళు కట్టుకున్న అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉంటాయి. అలా ఉండబట్టే, కట్టకి కట్ట ఒక జాతి నుంచి ఏ చుట్టరికమూ లేని ఇంకో జాతికి దాటిపోయిందని మావాళ్ళ అభిప్రాయం. పేడ మీద, కుళ్ళిన కర్ర మీద బతికేవాటి మధ్య ఈ రాకపోకలు జరిగాయట. ఇంతకన్నా చిత్రం, చెట్ల వేళ్ళతో కలిసి బతికే మరో రకం పుట్టగొడుగు ఇదే పదార్థాన్ని పూర్తిగా వేరే ఎంజైములతో, వేరే దారిలో చేస్తుందని ఈమధ్యే తేలింది.

ఎందుకింత శ్రమ? పేడలో తిండికి పోటీకొచ్చే పురుగుల్ని తికమకపెట్టడానికేమో అని ఒక ఊహ. రుజువు ఇంకా గట్టిగా లేదు. మన కోసం మాత్రం కాదు. మన కడుపులో ఫాస్ఫేటు ఊడిపోయి అది సైలోసిన్ అవుతుంది, మెదడులో సెరటోనిన్ కూర్చోవలసిన చోట వెళ్ళి కూర్చుంటుంది. పిలవని పేరంటం. ఆ సైలోసినే గాయమైన చోట గాలి తగిలి ఒకదానితో ఒకటి అతుక్కుని నీలమవుతుంది. మీరు మాత్రం చదివాను కదా అని పేడ మీది దేన్నీ నోట్లో పెట్టకండి. ఇలాగే కనిపిస్తూ కాలేయాన్ని తినేసేవి ఉన్నాయి.

సరే. ఇది పేడజాతి. పుట్ట మీద దీనికేం పని? అసలైన పుట్టగొడుగుని చెదపురుగులే లోపల గూట్లో సాగు చేసుకుంటాయి. అందుకే దాని కాడ వేరులాగా కిందికి, గూటి దాకా దిగుతుంది. దీనికి అలాంటి వేరు లేదు. కింద ఏముందో చూడాలి.

"కొంచెం తవ్వొచ్చాండీ?" అన్నాను.

ఈరన్న రెండు చేతులూ చాచి పుట్టకి అడ్డం నిలబడ్డాడు. "అయ్యో! నాగప్ప ఉండే తావు! తవ్వుతారా ఎవురన్నా? కండ్లు పోతాయి మేడమ్!"

ఆయన భక్తికి నేను తగ్గాను. కానీ కాడ ఊడొచ్చిన చోట వేలంత బొరియ పడింది. అందులోంచి మన్నుతో పాటు వేరుశనగ పొట్టు, జొన్నచొప్ప తునకలు, ఎండిన పేడ రాలాయి. వాటి వెనకాలే చిరిగిన ఎరువుల సంచీ పీలిక ఒకటి. చెదపురుగులు చాలా పనిమంతులే గానీ, ఎరువుల సంచీలు కొనుక్కోవు.

నేను ఆ పీలికని చూశాను. ఈరన్న నన్ను చూశాడు. మావారు ఆకాశం చూశారు.

"మా ఇంట్లో ఆయమ్మకు చెప్పద్దండి" అన్నాడు ఈరన్న, గొంతు తగ్గించి. కొండ ఎక్కొచ్చిన మనిషిలా గట్టు మీద కూలబడ్డాడు.

"ట్రాక్టరు మలుపుకుంటాంటే తగిలిందమ్మా. పుట్ట అడుగుకంటా పోయె. మా యమ్మ కాలం నించీ ఉండే పుట్ట. ఆయమ్మ ఉరుకుంద గుడికాడ తిరునాళ్ళకు పోయింటే ఆ పొద్దు. వచ్చేతలికి పుట్ట లేకుంటే నన్నేం చేస్తాదో మీకు తెల్దు. దిబ్బలో ఎరువు తోలినా, ఎర్రమన్ను కలిపినా, నీళ్ళు కొట్టి నా చేతుల్తో నిలబెట్టినా. పసుపూ కుంకుమా కూడా పెట్టినా. నిజం పుట్టకన్నా బాగ వచ్చె."

"మరి?"

"మల్ల నాగుల పంచమి వచ్చె. ఆయమ్మ పాలు పోసె. వాన పడె. గొడుగులు లేసె." తల పట్టుకున్నాడు. "మా కోడలు మహేశ్వరి పాప పుట్ట మీదివి కదా అని కోసుకోని వచ్చె."

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. మంచి పొడి ఎరువు, పైన పాలు, ఆపైన వాన. ప్రయోగశాలలో ఇంత శ్రద్ధగా మేం పెంచం. నవ్వాక నాకు కోపం వచ్చింది. తన భయం కోసం పిల్లని పుట్టింటికి పంపనిచ్చాడే ఈ మనిషి!

"ఆ అమ్మాయి తప్పు లేదని తెలిసీ నోరు మూసుకున్నారా?" అన్నాను.

"చెప్పల్లనే అనుకుంటి. రోజూ అనుకుంటాండా."

"ఆదివారం లోపల మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన మావారి వైపు చూశాడు, మగవాడు మగవాణ్ణి కాపాడతాడని. మావారు "నా పేరెత్తకండి, నేను ఇంట్లో బూజు దులుపుకునేవాణ్ణి" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ట్రిప్టోఫాన్ సంగతి ఉరుకుందమ్మకి పప్పు గిన్నె చూపించి చెప్పాను. ఇదే సరుకుని ఆ గొడుగు మార్చి మత్తు చేస్తుంది, మనిషి ఎవరూ కలపక్కర్లేదు అన్నాను. అంతా విని, "సరే, పేడగొడుగు చేస్తాదేమో. మా పుట్ట మీది గొడుగు చెయ్యదు" అంది. ఈరన్న మంచినీళ్ళు అడిగాడు. తాగి, మళ్ళీ అడిగాడు. నేను చూస్తూనే ఉన్నాను. కడుపు నిండా నీళ్ళు తాగి పడుకున్నాడు.

ఆళ్ళగడ్డలో టీ

ఆదివారం పొద్దున్నే అందరం మా కార్లోనే బయల్దేరాం. హనుమంతు ముందే బస్సులో వెళ్ళిపోయాడు. ఉరుకుందమ్మ ముందు సీట్లో కూర్చుంటానంది, బెల్టు కట్టుకోనంది, కట్టుకున్నాక అద్దం దించమంది. వెనక సీట్లో మావారికీ నాకూ మధ్య ఈరన్న ఇరుక్కుని కూర్చున్నాడు. నంద్యాల దాటే వరకూ ఆయన నాలుగుసార్లు "అది కాదే" అన్నాడు. నాలుగుసార్లూ ఆవిడ "ఏంది?" అంది. నాలుగుసార్లూ ఆయన వరిచేలు చూసి, "నీళ్ళు బాగుండాయి ఈడ" అన్నాడు.

ఆళ్ళగడ్డలో టీకి ఆగాం. గ్లాసులు మా ఊరి మందు సీసాల మూతలంత. మగవాళ్ళు రోడ్డవతల నిలబడ్డారు. ఉరుకుందమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుని, ఉన్నట్టుండి, "అక్కా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు" అంది.

"అడగమ్మా."

"ఆ గొడుగు లేని మాట పుట్టిస్తాదా? లోపలుండే మాటను బయటికి తీస్తాదా?"

అది మెదడులో ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు, ఎలా తయారవుతుందో తెలుసు. మాట ఎవరిదో ఏ యంత్రమూ చెప్పదు. అదే అన్నాను. ఆవిడ టీ గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

"ఆ పొద్దు ఆ పిల్ల మొగం రెండు చేతుల్తో పట్టుకుంటి. వీధి వీధంతా నిలబడి చూస్తాండారు. 'మహేశ్వరీ, నన్ను ఇడిసి యాడికీ పోవద్దే, నువ్వు లేకుంటే ఈ ఇంట్లో నాకు మనిషే లేదు' అంటి. ఏడిస్తి. అంతకుముందు ఆ పిల్లను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమే, ఓ పాపా, అంతే. తెల్లారి రచ్చకట్ట మీద ఆడోళ్ళంతా నవ్వినారు. అప్పుడు అర్థమాయె. వానికి పెట్టిన మందే నాకూ పెట్టింది. లేకుంటే నేనేంది, ఆ మాటేంది?"

ఈవిడకి తల తిరగడం గొడవ కాదు, గోడలు ఊపిరి పీల్చడం కాదు. కోడలి మీద ఇంత ప్రేమ ఉందని తనకి తానే తెలియక, అది మందే అయ్యుంటుందని తేల్చుకుంది. పోనీ ఆ పుట్ట సంగతి చెప్పేద్దామా అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. రోడ్డవతల ఈరన్న నా మొహమే చూస్తున్నాడు. చెప్పాల్సినవాడు ఆయన. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేదని మావారు సాక్ష్యం చెబుతారు.

మైదుకూరు పక్కన

మైదుకూరు వైపు కాలవ నీళ్ళున్న నేల. పసుపు చేలు నడుములెత్తు. కోసిగి నుంచి ఇక్కడికి కూలికొచ్చిన కుర్రవాడికి పిల్ల నచ్చిందో, నీళ్ళు నచ్చాయో అని మావారు అన్నారు. రెండూ నచ్చి ఉంటాయి, తప్పేముంది.

మహేశ్వరి పుట్టింటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమనుషులు ముగ్గురు. హనుమంతు ఒక స్తంభానికి ఆనుకుని, మహేశ్వరి ఇంకో స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. గట్టి పిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ తల దించలేదు.

పెద్దాయన నన్ను మాట్లాడమన్నాడు. నేను పుట్టగొడుగుల గురించి చెప్పాను, నీలం గురించి చెప్పాను. అందరూ బడిపిల్లల్లా విన్నారు. చివర్లో పెద్దాయన, "మేడమ్, మీరు చెప్పేది పేడ మీది గొడుగు. ఈ పాప తెచ్చింది పుట్టది గదా?" అన్నాడు. ఉరుకుందమ్మ "అదే నేనూ అంటాండా" అంది.

నేను ఈరన్న వైపు చూశాను. మావారు మోచేత్తో ఈరన్నని పొడిచారు. చిన్నగా కాదు.

ఈరన్న లేచాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అది పుట్ట కాదు" అన్నాడు. "పేడే. నేనే కట్టినా."

మొత్తం చెప్పాడు. ట్రాక్టరు, దిబ్బ ఎరువు, ఎర్రమన్ను, పసుపు, కుంకుమ. నిజం పుట్టకన్నా బాగా వచ్చిందన్న మాట కూడా వదల్లేదు, ఆ గర్వం ఇంకా పోలేదు పాపం. ఆఖర్న కోడలి వైపు తిరిగి, "నీ తప్పు ఏమీ లేదు పాపా. పుట్టదని నమ్మి కోసినావు. నేను మీ అత్తకు భయపడి గమ్మునుంటి. నీ కాపురం పోతాందని తెలిసీ గమ్మునుంటి. నన్ను ఏమన్నా అను" అన్నాడు.

అందరూ ఉరుకుందమ్మనే చూస్తున్నారు.

"నేను పాలు పోసినానే" అంది ఆవిడ మెల్లగా. "పేడకు. చెంబెడు పాలు. మూడుసార్లు చుట్టూ తిరిగితినే!"

"నేనూ తిరిగినా గదే నీ యెంట" అన్నాడు ఈరన్న.

పెద్దమనుషుల్లో ఒకాయనకి దగ్గొచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. వరండా గొల్లుమంది. ఉరుకుందమ్మ మాత్రం నవ్వలేదు. లేచి మొగుడి దగ్గరికి వెళ్ళి, ఆయన చేతిలో తలగుడ్డ లాక్కుని దాంతోనే భుజం మీద ఒకటి వేసింది. "ఇంటికి రా, నీ సంగతి చెప్తా" అంది. 'ఇంటికి రా' అనడంతో పెద్దమనుషులకి ధైర్యం వచ్చింది. పెద్దాయన, "ఐతే ఇంకేముంది, పాపను తోలుకోని పోండి" అన్నాడు, పని అయిపోయినట్టు.

"నిలబడండి పెదనాయనా" అంది మహేశ్వరి. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు నేను వినలేదు. "మామ తప్పు ఒప్పుకున్నాడు. మా అత్త ఊరంతా నేను మందు పెట్టినానని చెప్పింది. రేపు నా చేతి కూడు తినేటప్పుడు మల్ల అదే అనుమానం రాదా? నేను ఏంటికి రావల్ల?"

హనుమంతు స్తంభం వదిలి ఒక అడుగు ముందుకేశాడు. మహేశ్వరి చెయ్యి చూపించి అక్కడే ఉండమంది. లోపలికి వెళ్ళి పళ్ళెంతో వచ్చింది. వేడి రాగిసంగటి ముద్ద, వేరుశనగ పచ్చడి. అత్త ముందు పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఇది నేను చేసినదే అత్తా. నువ్వు అడిగితే పెడతా. లేకుంటే లేదు."

మావారు ఊపిరి బిగబట్టారు, సంగటి చూసి కాదు. ఉరుకుందమ్మ ఆ పళ్ళెం చూసింది, పెద్దమనుషుల్ని చూసింది, గోడవతల నించి తొంగిచూస్తున్న ఆడవాళ్ళని చూసింది. ఎంత మొండి మనిషో నాకు తెలుసు కాబట్టి ఇంక అయిపోయిందనుకున్నాను.

"ఆకలైతాంది" అంది, నేల చూస్తూ. "పెట్టు."

నేల మీదే కూర్చుంది. మహేశ్వరి ఎదురుగా కూర్చుని ముద్ద చేసి నోటికి అందించింది. ఉరుకుందమ్మ తింది. రెండో ముద్ద కూడా తింది. నాకు కళ్ళు చెమర్చాయి, పచ్చడి ఘాటనుకున్నారు అందరూ.

మూడో ముద్ద చేతిలోనే ఆపి మహేశ్వరి అడిగింది, ఇద్దరికే వినపడేలా. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకూ వినపడింది.

"ఆ పొద్దు నా మొగం పట్టుకోని అన్నావే అత్తా. ఆ మాట నీదా, పుట్టగొడుగుదా?"

ఉరుకుందమ్మ నోట్లో ముద్ద మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"పుట్టగొడుగుకు నీ పేరెట్ల తెలుస్తాదే, మహేశ్వరీ?"